గెడ్డ దారిలో ఇల్లు... ఇంటి దారిలో నీళ్లు

శ్రీకాకుళం, విజయనగరం ముంపు వెనక అసలు లెక్క

హుద్‌హుద్ అంటే ఒక పిట్ట. తిత్లీ అంటే సీతాకోకచిలుక. గులాబ్ అంటే గులాబీ పువ్వు. ఉర్దూ తెలిసిన ఇళ్లలో ముద్దుగా పలికే మాటలివి. ఉత్తరాంధ్రలో మాత్రం ఈ మూడు పేర్లు వింటే జనం ముందు ఇంటి పైకప్పు వైపు, తర్వాత వీధి కాలువ వైపు చూస్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ, 2021 సెప్టెంబర్ 26న గులాబ్ ఈ తీరాన్ని తాకాయి. అంతకుముందు 2013 అక్టోబర్‌లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అదే నెలాఖరులో మళ్లీ కుండపోత కురిసి రెండు జిల్లాలనూ ముంచింది.

ప్రతిసారీ జరిగేది ఒకటే. నీళ్లు వస్తాయి, పునరావాస కేంద్రాలు తెరుస్తారు, నాయకులు పరామర్శకు వస్తారు, బియ్యం పంచుతారు. నీళ్లు తీశాక ఆ సంగతి అందరూ మరిచిపోతారు. "ప్రకృతి విపత్తు, ఎవరేం చేస్తారు?" అనే మాటతో చర్చ ముగుస్తుంది. తుఫాను ప్రకృతిదే, అందులో అనుమానం లేదు. కానీ పడిన వాన ఎటు పోవాలి, ఎంత సేపట్లో పోవాలి, ఎవరి గడప ముందు ఆగాలి అనే విషయాలు మాత్రం చాలావరకు మనుషులు తీసుకున్న నిర్ణయాలే. లేఅవుట్ ఎక్కడ వేశారు, కాలువ ఎంత వెడల్పున కట్టారు, చెరువుని ఏం చేశారు అన్న దాన్ని బట్టే అది తేలుతుంది.

రెండు వరదలు, రెండు కారణాలు

ముందుగా ఒక గందరగోళం పోవాలి. జనం "వరద" అనే ఒక్క మాటతో చెప్పేది నిజానికి రెండు వేరువేరు సంగతులు.

మొదటిది నది వరద. నాగావళి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా పార్వతీపురం మన్యం జిల్లాలోకి దిగి, తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట దాటి, శ్రీకాకుళం పట్టణాన్ని ఒరుసుకుంటూ కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 256 కిలోమీటర్లు. దాని పరీవాహక ప్రాంతం, అంటే ఏ నేల మీద పడిన వాన చివరికి ఈ నదిలోకి చేరుతుందో ఆ నేలంతా కలిపి, సుమారు 9,500 చదరపు కిలోమీటర్లు. వంశధారది ఇంకా పెద్దది, పది వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. ఇవి గోదావరి, కృష్ణల్లా రోజుల తరబడి ప్రయాణించి వచ్చే నదులు కావు. కొండల నుంచి సముద్రానికి దూరం తక్కువ, వాలు ఎక్కువ. పైన పడిన వాన గంటల్లోనే కింద ఉంటుంది. 2017 జులై 16న రాయగడ జిల్లాలో ఒక్కసారిగా వచ్చిన వరదకు తెరుబలి, సింగాపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైల్వే వంతెనే కొట్టుకుపోయింది. శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా నాగావళి పొంగవచ్చు అనేది ఇక్కడి పెద్దలకు అనుభవంలో ఉన్న మాట.

రెండోది ఊరి వరద. నది పొంగకపోయినా, రెండు గంటల వానకే వీధులు చెరువులు కావడం. విజయనగరం దీనికి మంచి ఉదాహరణ. ఆ పట్టణం నడిబొడ్డున పెద్ద నది ఏదీ లేదు. చంపావతి నెల్లిమర్ల వైపు నుంచి వెళ్లి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మరి ఊళ్లో మోకాలి లోతు నీళ్లు ఎక్కడివి? అవి ఆ ఊరి మీద పడిన నీళ్లే. వేరే ఎక్కడి నుంచో రాలేదు, వేరే ఎక్కడికీ పోలేకపోయాయి, అంతే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పట్టణం పెరగడం వల్ల రెండు వరదల మీదా ఒకే ప్రభావం ఉండదు. ఇరవై చదరపు కిలోమీటర్ల పట్టణం మొత్తం కాంక్రీటు అయినా నాగావళి పరీవాహకంలో అది దాదాపు ఐదు వందల వంతు మాత్రమే. కాబట్టి "శ్రీకాకుళంలో అపార్ట్‌మెంట్లు కట్టారు కాబట్టే నాగావళి పొంగింది" అనడం సరికాదు. ఆ పొంగుకి కారణం ఎగువన కురిసిన వాన, కొండవాలుల్లో తగ్గిన చెట్లు, రిజర్వాయర్ల నుంచి వదిలే నీటి సమయం. కానీ ఊరి వరదకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ పరీవాహకం అంటే ఒకటి రెండు చదరపు కిలోమీటర్ల గెడ్డ పరిధి. దాన్ని సిమెంటుతో కప్పితే దాని స్వభావమే మారిపోతుంది.

ఒక్క చదరపు కిలోమీటరు లెక్క

వాన లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. రెండు వందల గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. తుఫాను రోజు 100 మిల్లీమీటర్లు కురిస్తే ఆ ఒక్క ప్లాటు మీదే 16,700 లీటర్లు పడతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండి ఇంకా మిగులుతాయి. వాతావరణ శాఖ లెక్కలో 100 మిల్లీమీటర్లంటే "భారీ వర్షం" మాత్రమే. 24 గంటల్లో 115 దాటితే అతి భారీ, 204 దాటితే అత్యంత భారీ.

ఇప్పుడు ఆ నీళ్లు ఏమవుతాయో చూడాలి. పొలం, తోట, గడ్డి ఉన్న నేల అయితే చాలా భాగం ఇంకుతుంది, కొంత ఆకుల మీద, గుంటల్లో నిలుస్తుంది. మిగిలినదే పారుతుంది. ఇంజినీర్లు కాలువలు కట్టేటప్పుడు వాడే లెక్క ప్రకారం, పచ్చని నేల మీద పడిన వానలో ఐదో వంతు పారితే, ఇళ్లు కిక్కిరిసిన సిమెంటు బస్తీలో ఐదింట నాలుగు వంతులు పారుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో వాన పడుతుంటే ఒక చదరపు కిలోమీటరు పొలాల నుంచి సెకనుకు సుమారు 3,300 లీటర్లు గెడ్డలోకి వస్తాయి. అదే నేల కాలనీ అయితే సుమారు 13,300 లీటర్లు. వాన అంతే, నేల అంతే, నీళ్లు నాలుగింతలు.

ఇంకో మార్పు కూడా ఉంది. పొలం గట్ల మధ్య నీళ్లు నెమ్మదిగా నడుస్తాయి. సిమెంటు రోడ్డు మీద, పైపుల్లో పరుగెత్తుతాయి. అన్ని వీధుల నీళ్లూ ఒకేసారి ఒకే ఖానా దగ్గరకు చేరతాయి. ఒకప్పుడు మూడు గంటల్లో మెల్లగా పోయిన నీరు అరగంటలో పోవాలని చూస్తుంది. ఆ ఖానా మాత్రం పాత రోజుల లెక్కతో కట్టిందే. అందులో సగం ప్లాస్టిక్ కవర్లతో, ఇంటి కూల్చివేత చెత్తతో పూడిపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకూడదు. వారం రోజులుగా ముసురు పట్టి నేల నానిపోయి ఉంటే పొలం కూడా ఇంకించుకోలేదు. అప్పుడు పొలానికీ సిమెంటుకీ తేడా తగ్గిపోతుంది. పైగా భూమి వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ తేమ పట్టుకుంటుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 7 శాతం. అంటే కుంభవృష్టి రోజులు ఇంకా జోరుగా ఉండే అవకాశముంది. అలాంటి రోజున ఊరిని కాపాడేది నేల ఒక్కటే కాదు, నీళ్లు కాసేపు ఆగడానికి ఉన్న జాగా. ఆ జాగా పేరే చెరువు.

చెరువు అనే గోదాము

ఉత్తరాంధ్ర పెద్దలు ఈ సంగతి పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. వాలు చూసి చెరువు తవ్వారు, దాని అలుగు నీళ్లు కింది బందలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి పోయేలా గొలుసు కట్టారు. విజయనగరం కోట 1713లో మొదలైతే, ఆ ఊరి జీవితం పెద్ద చెరువు, అయ్యకోనేరు చుట్టూ అల్లుకుంది. ఊరి పేర్లు కూడా నేల గుణాన్ని చెబుతాయి. బాబామెట్ట పేరులోనే అది మెట్ట అని ఉంది. తోటపాలెం, పూల్‌బాగ్ పేర్లలో తోటలు ఉన్నాయి. పేరులో తోట మిగిలింది, నేల మీద మిగిలింది ఎంతన్నది అక్కడుండే వాళ్లకు తెలుసు.

ఒక చిన్న లెక్క చెరువు విలువ చెబుతుంది. పాతికెకరాల చెరువులో ఒక్క మీటరు లోతు ఖాళీ ఉంటే లక్ష ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. ఒక చదరపు కిలోమీటరు మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే వచ్చే మొత్తం నీళ్లు సరిగ్గా అంతే. అంటే ఆ చెరువొక్కటి ఒక పేట మొత్తాన్ని ఒక తుఫాను రోజు కాపాడగలదు. దాన్ని పూడ్చి రెండు వందల ప్లాట్లు వేస్తే కోల్పోయేది పాతికెకరాల నీటి అందం కాదు, లక్ష ఘనపు మీటర్ల గోదాము. ఆ నీళ్లు మాయమైపోవు. కింది వీధిలో జాగా వెతుక్కుంటాయి.

పూడ్చడం ఎప్పుడూ ఒక్కసారిగా జరగదు. ముందు ఆయకట్టు పొలాలు ప్లాట్లవుతాయి, ఇక చెరువుతో పని లేదంటారు. తర్వాత చెత్త పడుతుంది, గట్టు మీద రోడ్డు వస్తుంది, ఒక మూల మట్టి పోస్తారు. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ మీద ఇల్లు లేస్తుంది. చివరికి "ఇది ఎండిపోయిన చెరువు" అని కాగితం పుడుతుంది. ఎండింది వాన లేక కాదు, దారి మూయడం వల్ల.

రోడ్డు, రైలు అడ్డం

ఈ రెండు జిల్లాల భూగోళంలో ఒక విశేషముంది. గెడ్డలు, నదులు పడమటి కొండల నుంచి తూర్పున సముద్రానికి పారుతాయి. చెన్నై-హావ్‌డా రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి మాత్రం తీరానికి సమాంతరంగా, ఆ నీటి దారులన్నిటికీ అడ్డంగా వెళ్తాయి. అంటే ప్రతి చుక్కా ఏదో ఒక కల్వర్టు కిందుగా దూరి పోవాల్సిందే. రోడ్డు వెడల్పు చేసి ఎత్తు పెంచినప్పుడల్లా అది ఒక గట్టులా తయారవుతుంది. గట్టుకి ఎగువన ఉన్న పేటలో నీళ్లు నిలుస్తాయి.

ఊరి లోపల కూడా ఇదే కథ. పాత రోడ్డు తవ్వకుండానే దాని మీదే కొత్త సిమెంటు వేస్తారు. పదేళ్లలో రోడ్డు అడుగు, అడుగున్నర పైకి లేచి పాత ఇళ్ల గడప పల్లంలో పడుతుంది. డబ్బున్న వాళ్లు గ్రావెల్ తోలించి మూడడుగులు ఎత్తి కొత్త ఇల్లు కడతారు. వాళ్ల నీళ్లు పక్కింటికి పోతాయి. పక్కింటి వాళ్లూ ఎత్తుతారు. ఆఖరికి ఆ వరసలో ఎత్తుకోలేని ఇల్లే మునుగుతుంది. అది సాధారణంగా అద్దె ఇల్లో, విధవరాలి ఇల్లో, రోజు కూలీ ఇల్లో అవుతుంది.

రెండూ కలిసిన రోజు

అసలు ప్రమాదం రెండు వరదలు ఒకే రోజు కలిసినప్పుడు. శ్రీకాకుళం పట్టణపు కాలువలు చివరికి నాగావళిలోకే పోవాలి. నది నిండుగా పారుతున్నప్పుడు దాని మట్టం కాలువ నోటి కంటే పైన ఉంటుంది. అప్పుడు ఊరి నీళ్లు నదిలోకి పోకపోగా, నది నీళ్లే కాలువల్లోంచి ఊళ్లోకి ఎగదన్నుతాయి. తుఫాను వల్ల సముద్రం పోటు మీద ఉంటే నది కూడా త్వరగా దిగదు. అందుకే కరకట్ట కట్టినంత మాత్రాన పని అయిపోదు. కట్ట బయటి నీటిని ఆపుతుంది, లోపలి నీటిని కూడా ఆపేస్తుంది. కట్టతో పాటు కాలువ నోళ్లకు తలుపులు, లోపలి నీళ్లు తోడడానికి పంపులు, ఆ నీళ్లు ఆగడానికి ఖాళీ జాగా ఉంటేనే కట్టకు అర్థం.

ఈ పాఠం విజయవాడ చాలా ఖరీదుగా నేర్చుకుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో అజిత్‌సింగ్ నగర్, చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం భయపడింది కృష్ణమ్మ గురించి. ముంచింది మాత్రం బుడమేరు, గండ్లు పడిన ఒక వాగు. దాని దారిలో ఊరు పెరిగింది, ఆ దారి గుర్తున్న వాళ్లు తగ్గిపోయారు.

అంతకంటే పాత పాఠం హైదరాబాద్‌ది. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలో గోడలు కట్టి ఊరుకోమనలేదు. నగరానికి ఎగువన నీళ్లు ఆగే జాగా కల్పించమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. వందేళ్ల తర్వాత 2020 అక్టోబర్‌లో అదే హైదరాబాద్ చెరువులు తెగి కాలనీలు మునిగాయి. జలాశయాలు కట్టిన ఊరే చెరువుల గొలుసుని కాపాడుకోలేకపోయింది.

కాగితం మీద చట్టం ఉంది

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి ఆస్తి అని, వాటిని కాపాడాలని స్పష్టంగా చెప్పింది. 2012 నాటి ఉమ్మడి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు ఎంత దూరం వదలాలో కొలతలతో సహా రాశాయి. పాతికెకరాలు, ఆపైన ఉన్న చెరువు పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లు మించిన వాగుకో కాలువకో 9 మీటర్లు, చిన్న కాలువకు 2 మీటర్లు. నదికైతే పట్టణ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

మరి చిక్కెక్కడ? ఆ "హద్దు" ఎక్కడుందో నేల మీద రాయి పాతి చూపిస్తేనే నిబంధన పని చేస్తుంది. చెరువు ఒక శాఖది, కాలువ ఇంకో శాఖది, లేఅవుట్ అనుమతి వేరే సంస్థది, రిజిస్ట్రేషన్ మరో కార్యాలయానిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన తర్వాత నాగావళి దిగువ పరీవాహకమే మూడు జిల్లాల మధ్య పంచుకుపోయింది, ఎగువ భాగం ఇంకో రాష్ట్రంలో ఉంది. వంశధార మీద రెండు రాష్ట్రాలు ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి, 2017లో తీర్పు కూడా వచ్చింది. ఆ గొడవంతా నీళ్లు లేనప్పుడు ఎవరికెంత అన్నదాని గురించే. నీళ్లు ఎక్కువైనప్పుడు ఎవరు ఎవరికి ఎంత ముందుగా చెప్పాలన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడే ఎందుకు మాట్లాడాలి?

ఎందుకంటే అసలు విస్తరణ ఇప్పుడే మొదలవుతోంది. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం రెండు లక్షలు దాటింది, శ్రీకాకుళం లక్షా పాతిక వేలు దాటింది. రెండూ నగరపాలక సంస్థలయ్యాయి. భోగాపురంలో రెండు వేల ఎకరాలకు పైగా భూమిలో అంతర్జాతీయ విమానాశ్రయం, శ్రీకాకుళం తీరంలో మూలపేట పోర్టు. వీటి చుట్టూ జాతీయ రహదారి పొడవునా వెంచర్లు లేస్తున్నాయి. అభివృద్ధి వద్దని ఎవరూ అనరు. ఉపాధి కోసం పిల్లల్ని గల్ఫ్‌కి, హైదరాబాద్‌కి, చెన్నైకి పంపిన జిల్లాలివి. కానీ కట్టిన తర్వాత గెడ్డకి దారి వెతకడం కంటే, కట్టకముందు దారి వదలడం చాలా చౌక. ఒకసారి ఇళ్లు లేచాక కూల్చడానికి బుల్డోజర్ వస్తే మొదట నష్టపోయేది అమాయకంగా కొన్న కుటుంబమే. ప్లాటు అమ్మినవాడు అప్పటికి ఇంకో ఊళ్లో బోర్డు పెట్టి ఉంటాడు.

రెండు జిల్లాల్లో ముస్లింలు జనాభాలో ఒక శాతం కూడా లేరు. ఉన్నవారిలో ఎక్కువ మంది పట్టణాల్లోనే, పాత పేటల్లో, చిన్న వ్యాపారాలు, మెకానిక్ షెడ్లు, టైలరింగ్ మీద బతుకుతున్నారు. కింది అంతస్తులో దుకాణం, వెనక ఇల్లు. అలాంటి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వస్తే కుట్టుమిషన్, ఫ్రిజ్, సరుకు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకేసారి పోతాయి. వరద నష్టం లెక్కల్లో ఎకరాల పంట కనిపించినంత తేలిగ్గా ఇవి కనిపించవు. సౌదీలో, కువైట్‌లో పదేళ్లు పని చేసి పంపిన డబ్బుతో కొన్న ప్లాటు చెరువు గర్భంలో తేలితే ఆ కుటుంబానికి రెండో అవకాశం ఉండదు.

చేయగలిగిన పనులు

ప్లాటు కొనే ముందు బ్రోచర్ చూడడం చాలదు. గ్రామ సర్వే పటంలో ఆ సర్వే నంబరు పక్కన చెరువు, వాగు, కాలువ గుర్తు ఉందేమో చూడాలి. అడంగల్‌లో భూమి రకం ఏమని ఉందో, రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత 22ఏ జాబితాలో ఆ నంబరు ఉందేమో అడగాలి. లేఅవుట్‌కి అనుమతి నంబరు ఉందా అని అడిగితే సరిపోదు, ఆ నంబరు నిజమో కాదో అనుమతి ఇచ్చిన సంస్థ దగ్గరే తేల్చుకోవాలి. అన్నిటికంటే సులువైన పరీక్ష ఒకటుంది: అక్టోబర్‌లో ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఆ స్థలానికి వెళ్లి రావడం. పక్క ఊరి ముసలాయన్ని "తాతా, ఇక్కడ పూర్వం ఏముండేది?" అని అడగడం.

ఇల్లు ఉన్నవాళ్లు పెరడంతా బండలు పరచకుండా కొంత మట్టి వదిలేయాలి. డాబా నీళ్లు రోడ్డు మీదికి కాక ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. ఒక గుంత తుఫానుని ఆపదు. కానీ మామూలు వానల్లో వీధి కాలువ భారం తగ్గిస్తుంది, వేసవిలో బోరుకి ఆసరా అవుతుంది. మస్జిద్‌లు, మదర్సాలు, షాదీఖానాల పైకప్పులు పెద్దవి. ఈద్గా మైదానాలు, ఖబరస్తాన్‌లు పేటల్లో మిగిలిన కొద్దిపాటి మట్టి నేలల్లో ఒకటి. వాటి చుట్టూ ప్రహరీ కట్టేటప్పుడు నీటి దారి మూయకుండా ఖానా వదలడం, లోపల సిమెంటు పరచకుండా చూడడం కమిటీల చేతిలో ఉన్న పని. అది వక్ఫ్ భూమిని కాపాడడం కూడా, ఊరిని కాపాడడం కూడా.

ఇక అడగాల్సినవి. కార్పొరేషన్‌ని కొత్త రోడ్డు ఎప్పుడు వేస్తారని అడిగేవారు చాలామంది. ఆ రోడ్డు వేసేముందు పాతది తవ్వుతారా, పక్క కాలువ ఎక్కడ కలుస్తుంది, దాని నోరు నది మట్టానికి పైన ఉందా కింద ఉందా అని అడిగేవారు కావాలి. ప్రతి చెరువుకీ పూర్తి నీటి మట్టం రాళ్లు పాతారా, ఆ పటం కార్యాలయం గోడ మీద జనానికి కనబడేలా పెట్టారా అని అడగాలి. జూన్‌కి ముందే కాలువల పూడిక తీయాలి. తీసిన మట్టిని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే అది మళ్లీ లోపలికి దిగుతుంది.

నదిని ఎవరూ పూర్తిగా ఆపలేరు. ఒడిశా కొండల మీద పడే వాన శ్రీకాకుళం వాళ్ల మాట వినదు. కానీ ఊరి మీద పడే వాన మాత్రం ఊరు చూపించిన దారినే పోతుంది. ఆ దారి చెరువు వైపు ఉండాలా, దుకాణం గడప వైపు ఉండాలా అన్నది తుఫాను వచ్చిన రాత్రి తేలే విషయం కాదు. ఎండాకాలంలో, లేఅవుట్ ఫైలు మీద సంతకం పడిన రోజే తేలిపోతుంది.